ఫ్లాషు లేకుండ గుడిలో ఫోటో తీయుట



ఈ నెల మన శీర్షికకు ఒక సహోదరి వ్రాసిన ఉత్తరమే ఆధారము. ఆమెది కాలువ గట్టు మీది చిన్న పల్లె. తాటాకు పాకలో ప్రార్థనలు జరిగిన రోజులలో లాంతరు పట్టుకొని ఆ సంఘమునకు వచ్చినవారిలో ఆమె మామగారు ఒకరు. ఇప్పుడు ఆయనకు ఎనుబది యేండ్లు దాటినవి. మోకాళ్ళ నొప్పుల వలన ఆదివారము కూడ గుడికి రాలేకపోవుచున్నారు. అయినను క్రిస్మస్ ముందు రాత్రి కొవ్వొత్తుల ఆరాధనకు మాత్రము ఎట్లయినను తీసికొని వెళ్ళమని ఇంటివారిని బ్రతిమాలుచున్నారట.

“పోయిన యేడు మా అబ్బాయి సెల్‌ఫోనుతో చాలా ఫోటోలు తీసినాడు. ఫ్లాషు వేసి తీసినవన్నీ ముఖమునకు సున్నము కొట్టినట్లున్నవి. అయ్యగారు ఫ్లాషు వద్దని చెప్పిన తరువాత తీసినవన్నీ చెదిరిపోయినవి. ఈసారియైనా మామయ్యగారిది ఒక్క మంచి ఫోటో ఉండవలెనని మా ఆశ. ఏమి చేయవలెను?” అని ఆ సహోదరి అడిగినది.

ఈ ఉత్తరము చదివినప్పుడు నా మనస్సు కలతపడినది. కారణము చెప్పెదను. మా అమ్మ కడపటిసారి గుడికి వచ్చి ప్రభురాత్రి భోజనములో పాలుపొందిన దినమున నా చేతిలో కెమెరా ఉన్నది. ఆమె తల వంచి గిన్నె అందుకొనుచుండగా నేను రెండు బారల దూరమునుండి ఫ్లాషు వేసినాను. ఆమె ఉలిక్కిపడినది. చేయి వణికి ద్రాక్షారసము తెల్లచీర మీద పడినది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నలువది దినములకు ఆమె ప్రభువునందు నిద్రించినది. గుడిలో ఆమె కడపటి ఫోటో అదే. కన్నులు మూసికొని, ముఖము తెల్లబోయి, చుట్టూ చీకటిగా ఉన్నది. దానిని నేను ఇంతవరకు పటము కట్టించలేదు. ఆ దినమున నాకు తెలియనివి తరువాత కొంత నేర్చుకొంటిని. అవి ఈ సహోదరికిని, మీకును ఉపయోగపడునని వ్రాయుచున్నాను.

ఫ్లాషు ఎందుకు మోసము చేయును?

ఫ్లాషు వెలుగు దూరము పోయిన కొలది త్వరగా నీరసించిపోవును. దూరము రెండింతలైతే వెలుగు సగము కాదు, నాలుగవ వంతే మిగులును. మూడింతలైతే తొమ్మిదవ వంతు. అందువలన మొదటి బల్లమీద కూర్చున్నవారు తెల్లగా మెరిసిపోదురు, వెనుక వేదిక మీద ఉన్న అయ్యగారు చీకటిలో కలిసిపోవుదురు. సెల్‌ఫోను ఫ్లాషు రెండు మూడు మీటర్లకు మించి పెద్దగా పనిచేయదు. గుడి చివర నిలిచి వేదిక వైపు ఫ్లాషు వేయువాడు అందరినీ ఇబ్బంది పెట్టుటే గాని, ఫోటోకు దానివలన ప్రయోజనము లేదు.

రెండవ సంగతి. కొవ్వొత్తి వెలుగు బంగారు వన్నె గలది. ఫ్లాషు వెలుగు పట్టపగటి తెలుపు. అది పడిన క్షణమున కొవ్వొత్తి వెలుగు కొట్టుకొనిపోవును. మనము ఫోటో తీయదలచినదే ఆ కొవ్వొత్తి వెలుగు గదా! దానిని మనమే ఆర్పివేసి ఫోటో తీయుచున్నాము.

పసిబిడ్డల విషయము తల్లులు తరచుగా అడుగుదురు. మామూలు ఫ్లాషు వలన బిడ్డ చూపు పోదు, ఆ భయము అవసరము లేదు. అయితే బాప్తిస్మపు వేళ నిద్రించు బిడ్డ ఉలికిపడి ఏడ్చుట మాత్రము నిజము. మరొక మాట కూడ చెప్పవలెను. ఫ్లాషు ఫోటోలలో కనుపాపలు ఎర్రగా కనబడుట సహజము. కాని ఒక బిడ్డ ఫోటోలలో ఒక కన్ను ఎర్రగాను, రెండవ కంటిలో తెల్లని మెరుపును పదే పదే కనబడిన యెడల కంటి వైద్యునికి చూపించుడి. అన్నిసార్లు అది జబ్బు కాదు. అయినను శుక్లము, కంటిలోని కంతి వంటివి కొన్ని ఆ విధముగా బయటపడిన సందర్భములు ఉన్నవి గనుక ఆలస్యము చేయరాదు.

పూర్వము ఎట్లు తీసిరి?

1887లో జర్మనీ దేశములో మెగ్నీషియము కలిసిన ఫ్లాషు పొడి కనుగొనబడినది. దానిని వెలిగించితే పెద్ద మెరుపు, వెంటనే గదినిండ తెల్లని పొగ. అది ప్రమాదము కూడ. ఆ రోజులలో సభామందిరములో నెమ్మదిగా ఫోటో తీయుట సాధ్యమయ్యెడిది కాదు. తరువాత 1924లో జర్మనీలోని డ్రెస్డెన్ పట్టణములో ఎర్మానాక్స్ అను చిన్న కెమెరా తయారైనది. దాని కటకము చాలా పెద్దది, వెలుగును ధారాళముగా లోనికి తీసికొనునది. బెర్లిన్ వాడైన ఎరిక్ సాలమన్ దానిని పట్టుకొని 1928 మొదలుకొని న్యాయస్థానములలోను, దేశనాయకుల సమావేశములలోను ఫ్లాషు లేకుండ ఫోటోలు తీసి పేరుపొందెను. అక్కడ ఉన్నవారికి ఫోటో తీసినట్లే తెలిసెడిది కాదు. అందుచేతనే ఆ ముఖములలో సహజత్వము ఉన్నది. ఆయన యూదుడు. 1944లో నాజీల ఔష్విట్జ్ శిబిరములో చంపబడెను. ఆయన తీసిన ఫోటోలు మాత్రము నిలిచియున్నవి.

ఆయన చేతిలో గాజు పలకలు ఉండెను. వెలుగును పట్టుకొను శక్తి వాటికంటె మన సెల్‌ఫోనుకు ఎన్నో రెట్లు ఎక్కువ. మనకు కొదువగా ఉన్నది నిదానము మాత్రమే.

వెలుగు లెక్క మూడు విషయములలో ఉన్నది

కొళాయి క్రింద బిందె పెట్టితిరి అనుకొనుడి. కొళాయి నోరు పెద్దదైతే బిందె త్వరగా నిండును. చిన్నదైతే ఎక్కువసేపు తిప్పి ఉంచవలెను. కెమెరాలో కూడ అట్లే. కటకములో వెలుగు వచ్చు రంధ్రమును అపర్చరు అందురు. దానికి 1.8, 2, 2.8, 4, 5.6 అని అంకెలు ఉండును. అంకె చిన్నదైతే రంధ్రము పెద్దదని గుర్తుంచుకొనవలెను. 2 అంకె వద్ద వచ్చు వెలుగు 5.6 వద్ద వచ్చుదానికి ఎనిమిదింతలు.

రంధ్రము తెరచి ఉంచు కాలమును షట్టరు వేగము అందురు. కదలక కూర్చున్నవారికి 1/60 సెకను సరిపోవును. పాట పాడుచు చప్పట్లు కొట్టువారికి 1/125 కావలెను. 1/15కు దిగితే మనుష్యులు చెదరుట మొదలగును. పోయిన యేడు ఆ సహోదరి కుమారుని ఫోటోలు చెదరుటకు కారణము ఇదే. ఫ్లాషు ఆపగానే ఫోను వెలుగు కొరకు ఎక్కువసేపు తెరచి ఉంచినది. ఆ లోపల అతని చేయి కదిలినది, లేదా తాతగారి తల కదిలినది.

మూడవది ఐ.ఎస్.ఓ. ఇది మన మైకుసెట్టు వంటిది. వక్త గొంతు చిన్నదైనప్పుడు శబ్దము పెంచుదుము. గొంతు వినబడును గాని, దానితోపాటు గుర్రుమను శబ్దము కూడ పెరుగును. ఐ.ఎస్.ఓ. 100 నుండి 200కు, 400కు, 800కు, 1600కు పెంచుకొని పోవు కొలది కెమెరా తక్కువ వెలుగుతోనే ఫోటో ఇచ్చును గాని, ఇసుక చల్లినట్లు రేణువులు కనబడును. దానికి భయపడవద్దు. రేణువులున్నను ముఖము స్పష్టముగా ఉన్న ఫోటోను పటము కట్టించుకొనవచ్చును. నునుపుగా ఉండి ముఖము చెదిరిన ఫోటో దేనికిని పనికిరాదు.

ట్యూబులైట్లు గల ఒక మామూలు గుడిలో ఒక లెక్క చూడుడి. ఐ.ఎస్.ఓ. 1600, అపర్చరు 2, షట్టరు 1/60. ఇది రాత్రివేళ చాలా గుడులలో సుమారుగా సరిపోవును. అదే చోట కెమెరాతో వచ్చిన మామూలు జూమ్ కటకము 5.6 వద్ద ఉంటే షట్టరు 1/8 సెకనుకు దిగిపోవును. అందుచేత పెద్ద కెమెరా ఉన్న యౌవనస్థులు జూమ్ కటకమును సంచిలో పెట్టి, 50 మిల్లీమీటర్ల 1.8 కటకము ఒకటి సంపాదించుకొనుట మంచిది. పెద్ద రంధ్రము గల కటకములలో తక్కువ ఖరీదుకు దొరకునది సాధారణముగా ఇదే.

సెల్‌ఫోను ఉన్నవారు చేయవలసినవి

మొదట ఫోను వెనుక కటకమును మెత్తని నూలుగుడ్డతో తుడువుడి. వంటనూనె, పౌడరు, చెమట అంటిన కటకము దీపము చుట్టు మబ్బు కమ్మినట్లు చూపును. చాలా ఫోటోలు చెడుటకు ఇదే కారణమని ఎవరును అనుకొనరు.

ఫ్లాషు గుర్తు మెరుపు ఆకారములో ఉండును. దానిని నొక్కి, అడ్డగీత పడునట్లు ఆపివేయుడి. ఆటో అని వదిలితే చీకటిలో అది తనంతట తానే వెలుగును. ఫోటో తీయునప్పుడు వచ్చు శబ్దమును కూడ ఆపుడి. ఇది ఇంటివద్దనే చేసికొని రావలెను, ప్రార్థనలో వెదకికొనరాదు.

వ్రేళ్ళతో సాగదీసి దగ్గరకు తెచ్చుకొనవద్దు. ఆరాధనకు ముందే వెళ్ళి దగ్గరగా చోటు చూచుకొనుడి. ఫోనులో రెండు మూడు కటకములు ఉన్నను, 1 అని వ్రాసియున్న ముఖ్య కటకమునే వాడుడి. సాధారణముగా వెలుగును బాగుగా తీసికొనునది అదే.

ఫోను తెరమీద తాతగారి ముఖమును వ్రేలితో ఒకసారి తాకుడి. అప్పుడు ఫోను ఆ ముఖమునే చూచి వెలుగు సరిచేసికొనును. కొవ్వొత్తి మంటను చూచి లెక్క కట్టినయెడల ముఖము నల్లబడును, చుట్టూ ఉన్న చీకటిని చూచి లెక్క కట్టినయెడల ముఖము తెల్లబారును. తాకిన చోట సూర్యుని గుర్తు కనబడును. దానిని కొంచెము క్రిందికి జరిపితే మంట, ముఖము రెండును నిలుచును.

చేతులు చాచి తీయవద్దు. మోచేతులు ప్రక్కలకు ఆనించుకొని, స్తంభమునకో గోడకో ఒరిగి, లేదా ముందు బల్ల వీపు మీద ఫోను ఆనించి, ఊపిరి విడిచిపెట్టుచు నొక్కవలెను. నిదానమే ప్రధానమని పెద్దలు ఊరక అనలేదు. ఒక్కటి తీసి ఆగక వెంటవెంటనే అయిదారు తీయుడి. మనుష్యుడు పాట చివరను, ప్రార్థనకు ముందును ఒక్క క్షణము కదలక ఉండును. ఆ అయిదారింటిలో ఒకటి నిలుచును.

రాత్రి ఫోటోల కొరకు నైట్ మోడ్ అని ఒక ఏర్పాటు చాలా ఫోనులలో ఉన్నది. అది ఒకదాని వెంట ఒకటి చాలా ఫోటోలు తీసి వాటిని కలిపి ఒకటిగా చేయును. అంతవరకు ఫోను కదలకూడదు, ఎదుటివారును కదలకూడదు. అలంకరించిన ఖాళీ గుడికి, క్రిస్మస్ నక్షత్రమునకు, పశులతొట్టి బొమ్మకు అది చక్కగా పనిచేయును. నృత్యము చేయు సండేస్కూలు పిల్లలకు పనికిరాదు, చేతులు దయ్యములవలె నీడలుగా వచ్చును.

ఒక్కొక్క గుడిలో ఫోటో మీద నల్లని చారలు అడ్డముగా పడును. ఇది ఫోను తప్పు కాదు. మన దేశపు కరెంటు సెకనుకు 50 సార్లు తిరుగును గనుక కొన్ని ట్యూబులు, ఎల్.ఇ.డి. దీపములు సెకనుకు 100 సార్లు మినుకుమినుకుమనును. షట్టరు మార్చుకొను వీలున్నచో 1/50 లేదా 1/100 పెట్టుడి, చారలు పోవును.

దీపము ఎక్కడ ఉన్నదో చూడుడి

ఇంతకుముందు ఫ్లాషును మోసము చేయించిన లెక్కయే కొవ్వొత్తి విషయములో మనకు మేలు చేయును. కొవ్వొత్తి ముఖమునకు రెండు జానల దూరములో ఉంటే ఒక వెలుగు. ఒక జాన దూరమునకు తెస్తే దానికి నాలుగింతలు. కెమెరా మార్చనక్కరలేదు, ఖర్చు లేదు, చేయి కొంచెము దగ్గరకు తెస్తే చాలును. అయితే ముసుగు, పైట, పిల్లల వెండ్రుకలు జాగ్రత్త. ముసలివారి చేతిలోని కొవ్వొత్తిని ప్రక్కన ఒకరు పట్టుకొనుట క్షేమము.

ఇంకొక చిన్న ఉపాయము. పాటల పుస్తకము తెరచి ఒడిలో పెట్టుకొన్నచో ఆ తెల్లని పుటలమీద పడిన వెలుగు తిరిగి ముఖము మీదికి వచ్చును. కండ్ల క్రింది నీడలు తగ్గును. తెల్లని తువ్వాలు కూడ ఆ పని చేయును.

పగటివేళ అయితే కిటికీ మన వీపు వెనుకనో ప్రక్కనో ఉండవలెను గాని, ఫోటో తీయబడువారి వెనుక ఉండరాదు. పెండ్లికుమార్తెను కిటికీ ముందు నిలబెట్టి లోపలివైపునుండి తీసినయెడల ఆమె నల్లని నీడగా కనబడును. ఆమెను కిటికీ వైపు తిప్పి నిలబెట్టితే ముసుగులోని ప్రతి పోగును కనబడును. తెల్లచీరను చూచి కెమెరా “వెలుగు ఎక్కువైనది” అని పొరబడి ఫోటోను మందముగా చేయును. అప్పుడు సూర్యుని గుర్తును కొంచెము పైకి జరుపవలెను.

మెదక్ చర్చిని చూచినవారికి ఈ సంగతి తేటగా తెలియును. కరవు కాలములో వేలాదిమందికి పనియు అన్నమును దొరకునట్లు పాస్నెట్ దొరగారు కట్టించిన ఆ దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము చూపు రంగుటద్దాల కిటికీలు అక్కడ ఉన్నవి. పగలు బయటి వెలుగు అద్దముగుండా లోనికి వచ్చుటవలననే ఆ రంగులు మండుచున్నట్లు కనబడును. లోపలినుండి ఫ్లాషు వేసినవానికి మసిబారిన అద్దమే దక్కును. వెలుగు వచ్చువరకు కనిపెట్టుకొని, ఉన్న వెలుగునే తీసికొనువానికి ఆ కిటికీ కనబడును. ఏ గుడిలోనైనను ఫోటోలు తీయరాదని బోర్డు ఉంటే, లేదా పెద్దలు వద్దంటే, కెమెరా సంచిలోనే ఉండవలెను.

తీయకూడని వేళలు

అడగనిదే అమ్మయినా పెట్టదు అందురు. ముందుదినమే అయ్యగారిని అడుగుడి. “ఎక్కడ నిలువవచ్చును? ఏ వేళ తీయవచ్చును?” అని అడిగినవానికి చాలామంది అయ్యగార్లు సంతోషముగా చోటు చూపుదురు. అడగక నడవలో అటు ఇటు తిరుగువానినే గద్దింతురు.

ఫ్లాషు లేకపోయినంత మాత్రమున అన్ని వేళలు మనవి కావు. ఒకరు కన్నీటితో ప్రార్థించుచున్నప్పుడు, సంస్కారపు బల్లయొద్ద మోకరించినప్పుడు, సమాధి పెట్టె ముందు తల్లి కూర్చున్నప్పుడు, కెమెరా దించవలెను. వెలిగియున్న ఫోను తెర కూడ చీకటిలో ఒక దీపమే. వెనుక బల్లలవారి కన్నులన్నీ దానిమీదికే పోవును. తెర వెలుగు తగ్గించుకొని, మూడు నాలుగు నిమిషములలో పని ముగించి, ఫోను జేబులో పెట్టి ఆరాధనలో చేరుడి. ఆరాధన అంతయు ఫోనులోనుండి చూచినవాడు గుడికి వచ్చినవాడే గాని ఆరాధించినవాడు కాడు.

ఆ సహోదరికి నా జవాబు ఇది. అమ్మా, క్రిస్మస్ వరకు కాచుకొనవద్దు. ఈ వారమే ఒక సాయంకాలము కరెంటు దీపములు ఆపి, మీ ఇంటి వసారాలో మామయ్యగారిని కుర్చీలో కూర్చుండబెట్టి, ఒక కొవ్వొత్తి వెలిగించి, మీ అబ్బాయిచేత పది ఫోటోలు తీయించుడి. దూరము ఎంత ఉండవలెనో, చేయి ఎక్కడ ఆనించవలెనో అతనికి అక్కడే తెలియును. పండుగ రాత్రి గుడిలో ముందు వరుస చివర గోడ ప్రక్కన కుర్చీ వేయమని అయ్యగారిని అడుగుడి. అబ్బాయి ఆ గోడకు ఆనుకొని నిలువవచ్చును. కొవ్వొత్తులన్నీ వెలిగి, మొదటి పాట ముగిసి, అందరును నిశ్శబ్దముగా ఉన్న క్షణమున అయిదారు ఫోటోలు తీసి, ఫోను లోపల పెట్టి, తాతగారి ప్రక్కన కూర్చుండి ఆయన కొవ్వొత్తిని తాను పట్టుకొనవలెను. ఆయన చెవిలో పాట చరణము ఒకటి చెప్పవలెను. చెవి సరిగా వినబడని పెద్దలకు అది ఫోటోకంటె విలువైనది.

ఫోటో మంచిదే వచ్చిననాడు దానిని ఫోనులోనే దాచిపెట్టక, పట్టణమునకు పోయినప్పుడు కాగితము మీద వేయించి, వెనుక పేరు, తేదీ, గుడి పేరు పెన్సిలుతో వ్రాసి ఉంచుడి. ఫోను నీళ్ళలో పడిన దినమున ఎంత ఏడ్చినను ఆ ముఖము తిరిగి రాదు.

లాంతరు పట్టుకొని పాకకు వచ్చిన ఆ పెద్దాయనకు ఎక్కువ వెలుగు ఎన్నడును లేదు. ఉన్నంత వెలుగుతోనే ఆయన నడిచినాడు, పాడినాడు, పిల్లలను పెంచినాడు. ఆయన ముఖమును కూడ ఆ వెలుగులోనే చూచుట న్యాయము.

వెలుగునకు కర్తయైన దేవుడు మీ ఇండ్లలోని వృద్ధులను కాపాడి, ఈ పండుగను మీతోకూడ చూడనిచ్చును గాక. ఆమేన్.